అంగారకుడి మట్టి ఇచ్చిన జవాబు, భూమి మీద దానికి తయారైన నకళ్లు

1976 జులై 20న నాసా నౌక వైకింగ్-1, అదే ఏడాది సెప్టెంబరు 3న వైకింగ్-2 అంగారకుడి మీద దిగి, అక్కడి మట్టిని కొద్దికొద్దిగా తవ్వి తమ లోపలి ప్రయోగశాలలోకి తీసుకున్నాయి. ఆ మట్టిలో సూక్ష్మజీవులు ఉన్నాయా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు గురించి, అంటే మట్టి స్పందించినా అది జీవం పని కాదని ఎక్కువమంది తేల్చడం గురించి, చాలామంది ఎంతో కొంత చదివే ఉంటారు. ఆ జవాబు ఎందుకలా వచ్చిందో తెలుసుకోవడానికి భూమి మీది ప్రయోగశాలల్లో దశాబ్దాల తరబడి సాగిన పని మాత్రం తెలుగులో అంతగా చర్చకు రాలేదు. అంగారకుడి వాతావరణాన్ని గాజు పాత్రల్లో నింపి, అక్కడి మట్టిని పోలిన ఖనిజాలను కలిపి, వైకింగ్ వాడిన పోషక ద్రావణాలనే మళ్లీ వాటి మీద పోసి చూసిన పరిశోధకుల కృషి అది. వైకింగ్ కథలో నాకు అన్నిటికంటే విలువైన భాగంగా తోచేది అదే కాబట్టి ఈ టపాను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ముందుగా అక్కడ ఏం జరిగిందో చెప్పాలి. ఒక్కో నౌకలో జీవాన్వేషణ కోసం మూడు ప్రయోగాలను ఒకే పెట్టెలో ఇమిడ్చి పంపారు. మొదటిది గిల్బర్ట్ లెవిన్, పట్రీషియా స్ట్రాట్ రూపొందించినది. లెవిన్ వృత్తిరీత్యా ప్రజారోగ్య రంగంలో పనిచేసిన ఇంజనీరు. తాగునీటిలో బాక్టీరియా కలుషితాన్ని త్వరగా పట్టుకోవడానికి ఆయన రేడియోధార్మిక కార్బన్-14ను ఉపయోగించే పద్ధతిని తయారుచేశారు. అదే పద్ధతి తర్వాత అంగారకుడి దాకా వెళ్లింది. ఫార్మేట్, గ్లైకోలేట్, గ్లైసిన్, అలనిన్, లాక్టేట్ వంటి చిన్న సేంద్రియ అణువులను కార్బన్-14తో తయారుచేసి, నీటిలో కలిపి, అర ఘన సెంటీమీటరు మట్టి మీద ఒక చుక్కంత వేస్తారు. మట్టిలో ప్రాణి ఉంటే దాన్ని తిని, రేడియోధార్మిక వాయువును బయటికి వదులుతుంది. పైనున్న డిటెక్టరు ఆ వాయువును లెక్కిస్తుంది.

రెండోది నాసా ఏమ్స్ కేంద్రానికి చెందిన వాన్స్ ఒయామా ప్రయోగం. అందులో మట్టికి మొదట తేమను మాత్రమే తగలనిచ్చి, తర్వాత అమైనో ఆమ్లాలూ విటమిన్లూ కలిసిన చిక్కటి పోషక ద్రావణంతో తడిపి, పైనున్న వాయువుల్లో వచ్చే మార్పులను నెలల తరబడి కొలిచారు. మూడోది కాల్‌టెక్ ఆచార్యుడు నార్మన్ హోరోవిట్జ్ బృందానిది. అంగారకుడి మీద ద్రవరూపంలో నీరు నిలవదు కాబట్టి అక్కడి జీవులకు నీటిని పోయడమే పొరపాటు కావచ్చని ఆయన వాదించారు. అందుకే ఆయన ప్రయోగంలో మట్టిని దాదాపు పొడిగానే ఉంచి, కార్బన్-14 ఉన్న కార్బన్ డయాక్సైడ్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ అందించి, జెనాన్ దీపపు వెలుతురులో అయిదు రోజులు ఉంచి, ఆ తర్వాత మట్టిని కాల్చి, అందులో కొత్తగా సేంద్రియ పదార్థం ఏమైనా చేరిందా అని వెతికారు.

మూడు ప్రయోగాలూ ఏదో ఒక స్పందన ఇచ్చాయి. చిక్కంతా అక్కడే మొదలైంది. లెవిన్ ప్రయోగంలో ద్రావణం పడగానే రేడియోధార్మిక వాయువు వేగంగా పైకి లేచింది, ఆ తర్వాత నెమ్మదించి ఒక స్థాయిలో నిలిచింది. అదే మట్టిని ముందుగా 160 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు గంటలు వేడిచేసి పరీక్షిస్తే వాయువు రాలేదు. 50 డిగ్రీల దరిదాపుల్లో వేడిచేసినప్పుడు కూడా స్పందన బాగా తగ్గిపోయింది. చీకటిలో కొన్ని నెలలు నిల్వ ఉంచిన మట్టి దాదాపు నిర్వీర్యమైంది. ఇవన్నీ జీవం ఉందనుకునేవారికి ఊతమిచ్చే సంగతులే. అయితే రెండోసారి ద్రావణం వేసినప్పుడు మళ్లీ వాయువు పెరగాల్సింది పోయి, అప్పటికే ఉన్నదాంట్లో కొంత మట్టిలోకి తిరిగి ఇంకిపోయింది. బతికి, వృద్ధి చెందుతున్న జీవులైతే రెండో విడత ఆహారానికి మరింత ఉత్సాహంగా స్పందించి ఉండేవి. పైగా వెలువడిన మొత్తం వాయువు, ద్రావణంలోని పదార్థాల్లో ఏ ఒక్కటి ఖర్చయినా వచ్చేంతకు మించలేదు.

ఒయామా ప్రయోగంలో మట్టికి కాస్త తేమ తగలగానే ఆక్సిజన్ వెలువడింది. ఏ పోషకమూ అందకముందే, చీకటిలోనే వెలువడింది. మట్టిని 145 డిగ్రీల దాకా వేడిచేశాక కూడా అది వచ్చింది. అది జీవక్రియ కాదని ఒయామా కూడా అంగీకరించారు. హోరోవిట్జ్ ప్రయోగంలో అతి కొద్దిగా కార్బన్ మట్టిలో స్థిరపడినట్టు కనిపించింది. కానీ 90 డిగ్రీల వేడి దాన్ని అడ్డుకోలేదు, 175 డిగ్రీల వేడి కూడా పూర్తిగా ఆపలేకపోయింది. ఆ నేల ఉష్ణోగ్రతలకు అలవాటుపడిన ఏ జీవీ అంత వేడిని తట్టుకుంటుందని ఊహించలేమని ఆయన తన ఫలితాన్ని తానే జీవానికి సాక్ష్యంగా లెక్కించలేదు.

వీటన్నిటి మీదా తీర్పు చెప్పింది నాలుగో పరికరం. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయానికి చెందిన క్లాస్ బీమన్ నేతృత్వంలో పనిచేసిన ఆ పరికరం, మట్టిని 500 డిగ్రీల దాకా వేడిచేసి, వచ్చే ఆవిరిలో సేంద్రియ అణువులను వెతికింది. వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా పట్టుకోగల ఆ పరికరానికి అంగారకుడివని చెప్పదగ్గ సేంద్రియ పదార్థాలేవీ దొరకలేదు. కనిపించిన క్లోరోమీథేన్, డైక్లోరోమీథేన్ జాడలను భూమి మీద పరికరాన్ని శుభ్రం చేసిన ద్రావకాల అవశేషాలుగా భావించారు. కార్బన్ అణువులే లేని చోట కార్బన్ జీవులు ఎక్కడివని జీవాన్వేషణ బృందం నాయకుడు హెరాల్డ్ క్లైన్ సహా ఎక్కువమంది శాస్త్రవేత్తలు రసాయన చర్య వైపే మొగ్గారు.

రసాయన చర్య అని చెప్పేస్తే సరిపోదు. ఏ రసాయనమో చూపించాలి. ఆ రసాయనం పై ఫలితాలన్నిటినీ ఒకేసారి వివరించాలి: లెవిన్ ప్రయోగంలోని వేగవంతమైన ఆరంభాన్నీ, రెండో విడతకు స్పందించకపోవడాన్నీ, 50 డిగ్రీలకే సున్నితంగా ఉండడాన్నీ, నెలల నిల్వలో బలహీనపడడాన్నీ; మరోవైపు 145 డిగ్రీలను దాటి నిలిచిన ఆక్సిజన్‌నూ; ఇంకోవైపు సేంద్రియ పదార్థాల లేమినీ. ఏదో ఒక ఖనిజం మీద పోషక ద్రావణం పోసి కార్బన్ డయాక్సైడ్ పుట్టించడం పెద్ద కష్టమేమీ కాదు. అన్ని లక్షణాలనూ ఒకే మట్టిలో చూపించడమే కష్టం. వైకింగ్ నకలు ప్రయోగాల చరిత్ర మొత్తాన్నీ నేను ఈ కొలబద్దతోనే చదువుతాను, మీరూ అలాగే చదవాలని కోరుకుంటాను.

అసలు నకలు ప్రయోగాలు వైకింగ్ దిగిన తర్వాత మొదలయ్యాయనుకుంటే పొరపాటు. వాటిలో అతి ముఖ్యమైన ఒకటి 1971లోనే, నౌకలు బయల్దేరడానికి నాలుగేళ్ల ముందే జరిగింది. జెర్రీ హబ్బర్డ్, జేమ్స్ హార్డీ, హోరోవిట్జ్ కలిసి అంగారకుడి వాతావరణాన్ని పోలిన వాయు మిశ్రమాన్ని, అంటే ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, కొంచెం కార్బన్ మోనాక్సైడ్, కాసింత నీటి ఆవిరి కలిసినదాన్ని, సూక్ష్మజీవులను చంపేసిన మట్టి మీదా గాజు పొడి మీదా ఉంచి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేశారు. ప్రాణమన్నది లేని ఆ పాత్రలో ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, గ్లైకోలిక్ ఆమ్లం తయారయ్యాయి.

ఆ ఫలితాన్ని రెండు రకాలుగా చూడవచ్చు. సేంద్రియ అణువులు అంగారకుడి ఉపరితలం మీద వాటంతటవే పుడుతుండవచ్చన్నది మొదటిది, అదే చాలా ఆసక్తికరమైన విషయం. రెండోది ప్రయోగకర్తకు హెచ్చరిక: తాము అంగారకుడికి పంపబోయే పరికరమే కాంతి సహాయంతో సేంద్రియ పదార్థాన్ని తయారుచేసి, దాన్ని జీవంగా పొరబడే ప్రమాదం ఉంది. ఆ హెచ్చరికను హోరోవిట్జ్ బృందం అందుకుంది. జెనాన్ దీపానికి వడపోత అమర్చి, 320 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని తొలగించారు. కిరణజన్య సంయోగక్రియకు అవసరమైన వెలుతురు మిగిలింది, అజీవ రసాయన చర్యను నడిపించే భాగం పోయింది. ఆ వడపోత లేకుండా పరికరం వెళ్లి ఉంటే 1976లో పత్రికల పతాక శీర్షికలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. వైకింగ్ కథలో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించే నిర్ణయం ఇదే.

బయల్దేరక ముందు మిగతా పరికరాలనూ భూమి మీది మట్టితో పరీక్షించారు. అయితే ఆ మట్టిలో దాదాపు ఎప్పుడూ జీవం ఉండేది. జీవం ఉన్న మట్టికి పరికరం స్పందిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది కానీ, జీవమే లేని, నీరే ఎరగని, ఓజోన్ పొర రక్షణ లేకుండా యుగాల తరబడి అతినీలలోహిత కాంతిలోనూ విశ్వకిరణాల్లోనూ మగ్గిన మట్టి ఎలా స్పందిస్తుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. భూమి మీద అలాంటి మట్టి దొరకదు. అత్యంత పొడి నేలల కోసం అంటార్కిటికా లోయలకు వెళ్లినవారిలో వోల్ఫ్ విష్నియాక్ ఒకరు. ఆయన రూపొందించిన నాలుగో జీవాన్వేషణ ప్రయోగాన్ని ఖర్చు తగ్గించుకునే క్రమంలో వైకింగ్ నుంచి తొలగించారు. అయినా ఆయన తన పరిశోధన ఆపలేదు. 1973 డిసెంబరులో అక్కడి కొండల్లో జారిపడి మరణించారు.

వైకింగ్ ఫలితాలు వచ్చిన మరుసటి ఏడాదే మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో సిరిల్ పొన్నంపెరుమ బృందం నకలు ప్రయోగాలను ప్రచురించింది. పొన్నంపెరుమ శ్రీలంకలోని గాలెలో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, తర్వాత రసాయనశాస్త్రంలోకి వచ్చి, జీవం పుట్టుక మీద పరిశోధనకు తన జీవితాన్ని అంకితం చేసిన శాస్త్రవేత్త. లెవిన్ వాడిన రేడియోధార్మిక పోషకాలను ఆక్సీకరణ కారకాలతో కలిపితే కార్బన్-14 ఉన్న కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందనీ, లోహ పెరాక్సైడ్లకూ సూపరాక్సైడ్లకూ (ఆక్సిజన్ ఎక్కువగా ఉండే చురుకైన సమ్మేళనాలకు) నీరు తగిలితే ఆక్సిజన్ వెలువడుతుందనీ ఆ బృందం చూపించింది. మూడు ప్రయోగాల్లో రెండింటికి ప్రాణం ప్రమేయం లేని వివరణ అలా ప్రయోగశాలలో సాధ్యమైంది. ఒయామా కూడా తన సహచరులతో ఇదే దారిలో నడిచి, ఇనుప ఆక్సైడ్లనూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ ప్రధాన కారకాలుగా ప్రతిపాదించారు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ మన పాఠశాల ప్రయోగశాలల్లో పరిచయమైన పదార్థమే. అందులో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేస్తే ఆక్సిజన్ బుడగలు వస్తాయి. అదే పెరాక్సైడ్‌ను గాయం మీద పోస్తే మన రక్తంలోని ఎంజైము వల్ల అవే బుడగలు వస్తాయి. ఒకటి ఖనిజం, ఇంకొకటి ప్రాణి తయారుచేసుకున్న ఎంజైము. బుడగను మాత్రమే చూసేవారికి ఆ తేడా కనిపించదు. వైకింగ్ డిటెక్టరు ముందున్న సమస్య కూడా సరిగ్గా ఇదే.

పెరాక్సైడ్ వివరణ చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. అంగారకుడి వాతావరణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉందని 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో భూమి మీది టెలిస్కోపులు నిర్ధారించాయి కూడా, అయితే వంద కోట్ల వంతుల్లో పదుల వంతుల మోతాదులోనే. కానీ ఆ వివరణను లెవిన్, స్ట్రాట్ ఊరికే ఒప్పుకోలేదు. వారే స్వయంగా అంగారకుడి మట్టిని పోలిన మిశ్రమాల మీద పెరాక్సైడ్ వేసి, తమ ప్రయోగాన్ని అచ్చం వైకింగ్‌లో జరిగినట్టే జరిపి, 1981లో ఫలితాలు ప్రకటించారు. పెరాక్సైడ్‌తో వాయువు వస్తుంది, నిజమే. కానీ అంగారకుడి మట్టి చూపించిన ఉష్ణోగ్రతా లక్షణాలు దానితో సరిపోలడం లేదని వారు వాదించారు. వారి ముగింపుతో నేను ఏకీభవించను. అయినా వారి పద్ధతి సరైనదని గట్టిగా నమ్ముతాను. వాయువు వచ్చిందా లేదా అన్న ఒక్క అంశంతో తృప్తిపడకుండా, మొత్తం ప్రవర్తన సరిపోవాలని పట్టుబట్టినవారు వారే. వారి పట్టుదల లేకపోతే ఆ తర్వాతి పరిశోధకులు పెరాక్సైడ్ దగ్గరే ఆగిపోయేవారేమో.

ఇజ్రాయెల్‌లో అమోస్ బనిన్ వేరే దారి పట్టారు. ఆయన మట్టి శాస్త్రవేత్త. ఆక్సీకరణ కారకాల జోలికి పోకుండా ఆయన బంకమట్టిని చూశారు. మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజంలోని అయాన్లను తొలగించి, వాటి స్థానంలో ఇనుప అయాన్లను చేర్చి, దాని మీద ఫార్మేట్ వేస్తే అది విచ్ఛిన్నమై కార్బన్ డయాక్సైడ్ వస్తుందని 1979లో రిష్పాన్‌తో కలిసి చూపించారు. వాయువు పెరిగే తీరు లెవిన్ గ్రాఫును దగ్గరగా పోలింది. ముందుగా వేడిచేసిన బంకమట్టి చురుకుదనం కోల్పోయింది. 1983లో మార్గులీస్‌తో కలిసి, అగ్నిపర్వతపు గాజు రూపాంతరం చెంది ఏర్పడే పాలగోనైట్‌కు ఆ లక్షణాలు లేవని చెబుతూ, అంగారకుడి మట్టికి బంకమట్టే సరైన నమూనా అన్నారు.

నేను చదివిన నకలు ప్రయోగాల్లో ఇది చాలా అందమైనది. ఒక ఉపరితలం ఉత్ప్రేరకంగా పనిచేసి, ఏ విపరీత రసాయనమూ అవసరం లేకుండానే, వైకింగ్ గ్రాఫును తెచ్చిపెట్టింది. అయినా మన కొలబద్ద ముందు అది పూర్తిగా నిలబడలేదు. బంకమట్టి ఆక్సిజన్‌ను వదలదు కాబట్టి ఒయామా ఫలితానికి మరో కారణాన్ని వెతుక్కోవాలి. తర్వాతి నౌకలు తెచ్చిన సమాచారం కూడా దానికి అనుకూలించలేదు. బనిన్ బంకమట్టి ఆమ్ల గుణం గలది. 2008లో ఫీనిక్స్ నౌక కొలిచిన మట్టి పీహెచ్ సుమారు 7.7, అంటే కొద్దిపాటి క్షార గుణం. అంగారకుడి పురాతన శిలల్లో బంకమట్టి సమృద్ధిగా ఉందని కక్ష్యలోని నౌకలు చూపించాయి. కానీ గేల్ బిలంలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుకను నాసా రోవరు (నేల మీద తిరిగే వాహనం) క్యూరియాసిటీ ఎక్స్-కిరణాలతో పరిశీలించినప్పుడు బసాల్ట్ ఖనిజాలూ స్ఫటిక రూపం లేని పదార్థమూ కనిపించాయే తప్ప బంకమట్టి కనిపించలేదు. నకలు ప్రయోగంలో సరిగ్గా పనిచేసిన పదార్థం అసలు చోట లేకపోతే ఆ నకలు ఎంత చక్కగా ఉన్నా చేయగలిగిందేమీ లేదు.

బనిన్ పని తర్వాత చాలా ఏళ్లు కొత్త సమాచారం లేక ఈ రంగం మందకొడిగా సాగింది. 2000లో ఆల్బర్ట్ యెన్ బృందం, అంగారకుడి పరిస్థితుల్లో లాబ్రడోరైట్ అనే సాధారణ శిలా ఖనిజం మీద అతినీలలోహిత కాంతి ప్రసరించినప్పుడు సూపరాక్సైడ్ అయాన్లు ఏర్పడతాయని చూపించింది. ఆక్సీకరణ కారకం ఎక్కడి నుంచో వచ్చి చేరనక్కర్లేదు, రాయీ వెలుతురూ ఉంటే అక్కడికక్కడే పుట్టవచ్చన్నది దాని సారాంశం.

మట్టిని తయారుచేసుకోవడానికి బదులు, భూమి మీదే అంగారకుడికి దగ్గరి మట్టిని వెతుక్కున్నవారు మెక్సికో శాస్త్రవేత్త రఫాయెల్ నవారో-గొన్సాలెస్ బృందం. చిలీలోని అటకామా ఎడారిలో యుంగాయ్ అనే ప్రాంతం ఎంత పొడిగా ఉంటుందంటే, అక్కడి మట్టి నుంచి మామూలు పద్ధతుల్లో బాక్టీరియాను పెంచడమే కష్టం. 2003లో వారు లెవిన్ ప్రయోగాన్ని ఆ మట్టి మీద చేస్తూ ఒక కీలకమైన మార్పు చేశారు. అమైనో ఆమ్లాలూ చక్కెరలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రూపాల్లో ఉంటాయి. భూమి మీది జీవులు వాటిలో ఒక రూపాన్నే ప్రధానంగా వాడుకుంటాయి. వైకింగ్‌లో రెండు రూపాలనూ కలిపే వేశారు. అటకామాలో ఒక పాత్రలో జీవులు వాడుకునే రూపాన్నీ, ఇంకో పాత్రలో దాని ప్రతిబింబాన్నీ విడివిడిగా వేశారు. రెండూ ఒకే తీరుగా విచ్ఛిన్నమయ్యాయి. ప్రాణి అయితే ఎంచుకునేది. రసాయనానికి ఎంపిక లేదు. ఈ చిన్న మార్పు వైకింగ్‌లోనే జరిగి ఉంటే యాభై ఏళ్ల వాదం చాలావరకు తగ్గేది. అద్దపు రూపాలను విడివిడిగా పరీక్షించే పరికరాన్ని అంగారకుడికి పంపాలని లెవిన్ కూడా తర్వాతి కాలంలో పదేపదే కోరారు.

అసలు మలుపు 2008లో వచ్చింది. ఆ ఏడాది మే 25న అంగారకుడి ఉత్తర ధ్రువ ప్రాంతంలో దిగిన ఫీనిక్స్, మట్టిని నీటిలో కలిపి అందులోని అయాన్లను కొలిచింది. మట్టిలో బరువు ప్రకారం సుమారు అర శాతం పెర్‌క్లోరేట్ ఉందని తేలింది. భూమి మీద పెర్‌క్లోరేట్ రాకెట్ ఇంధనంలోనూ బాణసంచాలోనూ వాడే ఆక్సీకరణ లవణం. సహజంగా దొరికే కొద్ది చోట్లలో అటకామా ఎడారి ఒకటి. దీనికి ముందు ముప్పై ఏళ్ల పాటు జరిగిన ఏ నకలు మట్టిలోనూ ఈ లవణాన్ని ప్రధాన భాగంగా కలపలేదు. కలపాలని ఎవరికీ తోచే వీలే లేదు.

పెర్‌క్లోరేట్‌కు ఒక విచిత్ర స్వభావముంది. చల్లగా ఉన్నంతసేపు అది చాలా మందకొడి పదార్థం. పోషక ద్రావణంలోని ఫార్మేట్‌ను గానీ అలనిన్‌ను గానీ ముట్టుకోదు. వందల డిగ్రీలకు వేడిచేస్తే మాత్రం విడిపోయి, ఆక్సిజన్‌నూ క్లోరిన్ సమ్మేళనాలనూ వదిలి, చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుంది. అంటే బీమన్ పరికరం సేంద్రియ అణువులను వెతకడానికి మట్టిని వేడిచేసిన ప్రతిసారీ, వాటిని నాశనం చేసే పదార్థాన్ని కూడా తానే నిద్రలేపి ఉండవచ్చు. నవారో-గొన్సాలెస్ బృందం 2010లో దీన్ని పరీక్షించింది. సేంద్రియ పదార్థం ఉన్న అటకామా మట్టికి ఒక శాతం మెగ్నీషియం పెర్‌క్లోరేట్ కలిపి, వైకింగ్‌లో లాగే వేడిచేస్తే, సేంద్రియ పదార్థం చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గానూ నీరుగానూ మారిపోగా, క్లోరోమీథేన్, డైక్లోరోమీథేన్ జాడలు మిగిలాయి. వైకింగ్ పరికరంలో కనిపించి, శుభ్రపరిచే ద్రావకాలుగా భావించినవి అవే రెండు.

బీమన్ దీన్ని అంగీకరించలేదు. జెఫ్రీ బాడాతో కలిసి మరుసటి ఏడాదే అభ్యంతరం ప్రచురించారు. అటకామా మట్టితో వచ్చిన ఫలితం వైకింగ్ దిగిన చోటికి వర్తిస్తుందనడానికి ఆధారం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ఫీనిక్స్ దిగిన చోట దొరికినంత మాత్రాన పెర్‌క్లోరేట్ వైకింగ్ నౌకలు దిగిన క్రైసీ, యుటోపియా మైదానాల్లోనూ ఉందని రుజువు కాదు. కానీ తర్వాత క్యూరియాసిటీ దిగిన గేల్ బిలంలో కూడా ఆ లవణపు జాడలు కనిపించాయి, అక్కడి బురదరాయిలో క్లోరిన్ చేరిన సేంద్రియ అణువు క్లోరోబెంజీన్ దొరికింది. 2018లో మెలిస్సా గుజ్మన్ బృందం పాత వైకింగ్ సమాచారాన్ని మళ్లీ జల్లించి, అందులోనూ క్లోరోబెంజీన్ గుర్తులు ఉన్నట్టు ప్రకటించింది. అంగారకుడి ఉపరితలం మీద సేంద్రియ అణువులు అసలే లేవన్న 1976 నాటి నిర్ధారణ ఇప్పుడు నిలబడదు. ఉన్నంత మాత్రాన అవి జీవం నుంచి వచ్చాయని కాదు. ఉల్కలు తెచ్చినా చాలు.

అయినా లెవిన్ ఫలితం వివరణ లేకుండానే మిగిలింది. పది డిగ్రీల చల్లని మట్టిలో పెర్‌క్లోరేట్ ఏమీ చేయదని ఇప్పుడే చెప్పుకున్నాం. ఈ ముడిని విప్పింది నాసా ఏమ్స్ కేంద్రానికి చెందిన రిచర్డ్ క్విన్ బృందం 2013లో చేసిన ప్రయోగం. అంగారకుడికి దట్టమైన వాతావరణమూ అయస్కాంత కవచమూ లేవు కాబట్టి విశ్వకిరణాలు నేలలోకి దూరుతూ ఉంటాయి. లక్షల ఏళ్ల ఆ దెబ్బలకు పెర్‌క్లోరేట్ స్ఫటికం ఏమవుతుంది? వారు కాల్షియం పెర్‌క్లోరేట్‌ను కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో ఉంచి గామా కిరణాలకు గురిచేశారు. లవణం పాక్షికంగా విరిగి హైపోక్లోరైట్, క్లోరిన్ డయాక్సైడ్ ఏర్పడ్డాయి, స్ఫటికాల లోపల ఆక్సిజన్ చిక్కుకుపోయింది. హైపోక్లోరైట్ అంటే మనం బట్టలకూ నీటి శుద్ధికీ వాడే బ్లీచింగ్ పదార్థంలోని చురుకైన భాగమే.

ఆ లవణానికి తేమ తగిలితే చిక్కుకున్న ఆక్సిజన్ బయటికి వచ్చింది: ఒయామా ఫలితం. స్ఫటికంలో బందీగా ఉన్న వాయువు కాబట్టి ముందస్తు వేడికి అది అంత తేలికగా పోదు. ఆ లవణం మీద అలనిన్ వేస్తే హైపోక్లోరైట్ దానితో చర్య జరిపి, చివరికి కార్బన్ డయాక్సైడ్ వచ్చింది: లెవిన్ ఫలితం. హైపోక్లోరైట్ అస్థిరమైనది, వేడికి నశిస్తుంది. ఉన్నది ఉన్నంతే కాబట్టి మొదటి విడతలో ఖర్చయిపోతే రెండో విడతకు మిగలదు. ఒకే లవణం, ఒకే కారణం, రెండు ప్రయోగాల్లో రెండు వేర్వేరు ఉష్ణోగ్రతా లక్షణాలు. పెరాక్సైడ్ గానీ సూపరాక్సైడ్ గానీ అవసరం లేదని క్విన్ బృందం స్పష్టంగా ప్రకటించింది. 1977 నుంచి వచ్చిన నకళ్లన్నిటిలోనూ మన కొలబద్దకు అత్యంత దగ్గరగా వచ్చింది ఇదేనని నా నమ్మకం. లెవిన్ మాత్రం 2021లో కన్నుమూసేదాకా తాము కనుగొన్నది జీవాన్నేనని అంటూనే ఉన్నారు.

క్విన్ వివరణ వైపు మొగ్గుతూనే, దాని హద్దులనూ చెప్పాలి. హోరోవిట్జ్ ప్రయోగంలో మట్టిలో చేరిన ఆ కొద్దిపాటి కార్బన్ గురించి అది ఏమీ చెప్పదు. ఇంకా ముఖ్యమైనది కాలం. అంగారకుడి నేల లక్షల సంవత్సరాల్లో నెమ్మదిగా తీసుకున్న కిరణాల మోతాదును ప్రయోగశాలలో అతి తక్కువ వ్యవధిలో కుదించి ఇస్తారు. నెమ్మదిగా ఏర్పడే పదార్థాలు ఏర్పడుతూనే మరోవైపు విచ్ఛిన్నమవుతూ ఒక సమతాస్థితికి చేరవచ్చు. వేగంగా ఇచ్చిన మోతాదులో ఆ సమతాస్థితి వేరుగా ఉండవచ్చు. ప్రయోగశాలలో తయారైన హైపోక్లోరైట్ మోతాదే అంగారకుడి మట్టిలోనూ ఉంటుందని చెప్పడానికి ఈ కుదింపు అడ్డు వస్తుంది.

మట్టి నమూనాలతోనూ ఇలాంటి చిక్కే ఉంది. పరిశోధకులు విరివిగా వాడిన ఒక నకలు మట్టిని హవాయి దీవిలోని అగ్నిపర్వత బూడిద నుంచి తీసుకున్నారు. రంగులో, కాంతిని పరావర్తనం చేసే తీరులో అది అంగారకుడి ధూళిని బాగా పోలుతుంది. కానీ దాన్ని 600 డిగ్రీలకు వేడిచేస్తే బరువులో సుమారు ఐదో వంతు ఆవిరైపోతుంది. క్యూరియాసిటీ పరీక్షించిన ఇసుకలో నీరు రెండు శాతం దరిదాపుల్లోనే ఉంది. పైగా హవాయి వానల్లో తడిసిన బూడిదలో భూమి మీది సూక్ష్మజీవులూ వాటి అవశేషాలూ ఉంటాయి. వాటిని చంపడానికి వేడిచేస్తే ఖనిజాల ఉపరితలమే మారిపోతుంది, వేడిచేయకపోతే జీవం కలిసిపోతుంది. రోవరు చక్రాల పట్టు పరీక్షించడానికి సరిపోయే మట్టి జీవరసాయన పరీక్షకు సరిపోదు. అందుకే ఏ నకలు ప్రయోగం గురించి చదివినా నేను మొదట చూసేది ఏ మట్టి వాడారు, దాన్ని ఎలా శుద్ధి చేశారు అన్నదే.

ఇప్పుడు తయారవుతున్న పరికరాలు ఈ అనుభవాన్నంతా మోసుకుని వెళ్తున్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవరును 2028లో ప్రయోగించాలని సంకల్పించింది. అది అంగారకుడి నేలను రెండు మీటర్ల లోతు దాకా తొలుస్తుంది. ఆ లోతులో విశ్వకిరణాల ప్రభావం ఉపరితలం మీద కంటే చాలా తక్కువ. పైకి తెచ్చిన నమూనా మీద అతి స్వల్పకాలపు లేజర్ కిరణాలను ప్రసరింపజేసి, సేంద్రియ అణువులను ఒక్కసారిగా పైకి లేపి తూచే పద్ధతి ఆ రోవరులో ఉంది. మట్టిని నెమ్మదిగా వేడిచేయరు కాబట్టి పెర్‌క్లోరేట్ విడిపోయి అణువులను కాల్చేంత సమయం ఉండదు. ఇది కాగితం మీది ఆశ మాత్రమే కాదు. కావాలని పెర్‌క్లోరేట్ కలిపిన నకలు మట్టిని ఆ పద్ధతిలో పరీక్షించి, సేంద్రియ అణువులు చెక్కుచెదరకుండా దొరుకుతున్నాయని 2015లోనే ప్రచురించారు. అదే పరికరంలోని మరో భాగం అణువుల అద్దపు రూపాలను విడదీసి, ఏ రూపం ఎంత ఉందో విడివిడిగా కొలుస్తుంది.